సింక్రోట్రాను కాంతి – ఎలక్ట్రాను పుంజమును అదుపులో నిలుపు విధము
(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చిన పాఠకుడు మొదట వెలుతురున్న చోటు చూచుకొని కూర్చుండును. అక్షరము చిన్నదైనకొలది దీపమును దగ్గరకు జరుపుకొనును. విజ్ఞానశాస్త్రములోను ఇదియే నియమము. చూడదలచిన వస్తువు ఎంత సూక్ష్మమో, దానిపై పడు వెలుగు అంత సన్నముగను, అంత తీక్ష్ణముగను ఉండవలెను. అట్టి వెలుగును పుట్టించు మహాయంత్రములు నేడు ప్రపంచమున అనేకము కలవు. వానిలో ఒక చిక్కు కలదు. ఆ చిక్కును శాస్త్రజ్ఞులు అదుపు చేయుచున్న తీరే ఈ ప్రసంగ విషయము.

జంగారెడ్డిగూడెము పరిసరములలో పశువులున్న ప్రతి ఇంటికిని గాలికుంటు వ్యాధి పేరు తెలియును. నోటను, గిట్టల సందులను పుండ్లు లేచి పాడిగేదె పాలు తగ్గిపోవును. దుక్కిటెద్దు కాడి మోయలేక నిలిచిపోవును. ఈ వ్యాధిని కలిగించు వైరసు మిల్లీమీటరులో సుమారు ముప్పదివేలవ వంతు మాత్రమే. మామూలు వెలుగుతో, ఎంతటి సూక్ష్మదర్శినిలో చూచినను, దాని నిర్మాణము కానరాదు. అయినను 1989లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు దాని కవచములోని పరమాణువుల అమరికను ప్రకటించిరి. అందుకు కావలసిన ఎక్స్‌కిరణములు ఇంగ్లండులోని డేర్స్‌బరీ ప్రయోగశాల యందలి సింక్రోట్రాను నుండి వచ్చినవి. వ్యాధి కలిగించు వైరసును పెంచకయే, దాని ఖాళీ కవచమును మాత్రము తయారుచేసి టీకాగా వాడవచ్చునని 2013లో అచ్చటి పరిశోధకులు చూపిరి. ఆ పనికి డైమండ్ అను మరియొక సింక్రోట్రాను తోడ్పడినది. పశువుల కొట్టమునకును ఈ మహాయంత్రములకును గల సంబంధము ఇట్టిది.

ఇక సింక్రోట్రాను కాంతి యనగా ఏమో చూతము. ఎలక్ట్రాను విద్యుదావేశము గల అతి సూక్ష్మకణము. దానిని కాంతివేగమునకు చేరువైన వేగముతో పరుగెత్తించి అయస్కాంతముతో దారి మలపినచో, మలుపు తిరుగునపుడు అది వెలుగును విడుచును. వాననీటిలో పోవు బండిచక్రము తన అంచునుండి నీటిని చిమ్మునట్లు, ఈ వెలుగు వంపునుండి తిన్నగా ముందుకు చిమ్మును. 1947 ఏప్రిలులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో దీనిని మొదటిసారి కంటితో చూచిరి. మొదట ఇది యంత్రపు శక్తిని హరించు పీడగా తోచినది. కాలక్రమమున ఆ పీడయే వరమైనది. వెలుగు కొరకే వలయములను నిర్మింపసాగిరి.

భారతదేశమున ఇట్టి వలయములు రెండు కలవు. మధ్యప్రదేశములోని ఇండోరు నగరమున, ఇప్పుడు రాజా రామన్న పేరుతో నున్న పరిశోధన కేంద్రములో ఇండస్-1 వలయము 1999లోను, ఇండస్-2 వలయము 2005లోను వెలుగు నిచ్చినవి. ఇండస్-2 చుట్టుకొలత 172.5 మీటర్లు. దానిలో దారి మలపు అయస్కాంతములు 16, పుంజమును కుదించి నిలుపు చతుర్ధ్రువ అయస్కాంతములు 72, వాని లోపమును సవరించు షడ్ధ్రువ అయస్కాంతములు 32 కలవు. అందు తిరుగు ఎలక్ట్రాను వేగము కాంతివేగము కంటె సెకనుకు ఆరు మీటర్లు మాత్రమే తక్కువ. అనగా ఆ రెంటికిని గల తేడా సైకిలు తొక్కువాని వేగమంతయే. అది సెకనుకు సుమారు 17 లక్షల ప్రదక్షిణములు చేయును. ఒక గంటలో పోవు దూరము 108 కోట్ల కిలోమీటర్లు. భూమినుండి సూర్యుడున్న దూరమునకు ఇది ఏడు రెట్లు. అంత దూరమును చేతి మందముగల గొట్టములో, గోడను తాకకుండ, గంటల తరబడి పోవలెను.

ఆ గొట్టములో గాలి యున్నచో ఎలక్ట్రానులు గాలి కణములను ఢీకొని చెదరిపోవును. కనుక దానిని సాధ్యమైనంత శూన్యము చేయుదురు. ఈ శూన్యవిద్యకు పశ్చిమ గోదావరి నేల బిడ్డ ఒకరు మార్గదర్శకులలో ఒకరైరి. భీమవరము దగ్గరి గొరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానందగా ప్రసిద్ధులైరి. ఐరోపా, అమెరికాలలో ఎక్స్‌కిరణములను, పరమాణు కేంద్రకమును గూర్చి పరిశోధనలు చేసి, అత్యధిక శూన్యమును సాధించు విధములపై ఆంగ్లమున గ్రంథము వ్రాసిరి. అది 1947లో, అనగా సింక్రోట్రాను కాంతి మొదట కానవచ్చిన సంవత్సరముననే, వెలువడినది. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర విభాగమును నెలకొల్పి నడపి 1969లో నిర్యాణము చెందిరి.

శూన్యము సిద్ధించినను అసలు చిక్కు తొలగలేదు. వలయములోని ఎలక్ట్రానులన్నియు ఒకే గీతపై పోవు. ప్రతి ఎలక్ట్రానును తన దారికి ఇటునటు ఊగుచు పోవును. ఈ ఊగుట రెండు విధములు. కుడి ఎడమలకు ఊగుట అడ్డ చలనము. పైకి క్రిందికి ఊగుట నిలువు చలనము. అడ్డ చలనము తప్పనిసరి. ఏలయనగా, మలుపు తిరుగునపుడు ఎలక్ట్రాను విడుచు వెలుగు ఎడతెగని ధారగా గాక చిన్న చిన్న మోతాదులుగా వెడలును. ఒక మోతాదు విడిచినంతనే దాని శక్తి తగ్గి, అది నడువదగిన దారి ప్రక్కకు జరుగును. అందుచే అడ్డముగా ఊగసాగును. పోయిన శక్తిని యంత్రము తిరిగి నింపుచుండుటచే ఆ ఊపు నెమ్మదించుచును ఉండును. పుట్టుచున్న ఊపును, తగ్గుచున్న ఊపును సరితూగిన చోట పుంజపు వెడల్పు నిలుచును.

నిలువు దిక్కున మలుపే లేదు. కనుక సిద్ధాంతము ప్రకారము నిలువు ఊపు దాదాపు శూన్యము కావలెను. పుంజము గాజుపలక అంచువలె సన్నని పట్టీగా ఉండవలెను. కాని ఏ వలయములోను పుంజము తనంతట తాను అంత సన్నముగా ఉండుట లేదు. అడ్డ చలనములోని కొంత భాగము నిలువు చలనములోనికి దొంగతనముగా జారుకొనుచున్నది. ఈ రెండు చలనముల నడుమ ఏర్పడు ముడినే శాస్త్రజ్ఞులు కప్లింగు అందురు. తెలుగున యుగ్మనము అనవచ్చును.

అట్లతద్దినాడు తోటలలో ఉయ్యాలలు వేయుట గోదావరి జిల్లాలవారికి కొత్త కాదు. రెండు చెట్ల నడుమ ఒక మోకును అడ్డముగా కట్టి, దానికి ఒకే పొడవుగల రెండు ఉయ్యాలలను వ్రేలాడదీసినచో ఒక వింత కానవచ్చును. ఒకదానిని ఊపి, రెండవదానిని కదల్పక విడువవలెను. కొంతసేపటికి మొదటిది నెమ్మదించి, ఎవరును తాకని రెండవది ఊగసాగును. మరికొంతసేపటికి రెండవది నిలిచి, తిరిగి మొదటిది ఊగును. ఊపు మోకు గుండా ఒకదానినుండి మరియొకదానికి పోవుచు వచ్చుచున్నది. ఒక ఉయ్యాల తాడును పొట్టి చేసినచో ఈ మార్పిడి చాలవరకు నశించును. వాని ఊపుల కాలము కలియకపోవుటయే కారణము.

సింక్రోట్రానులోను ఇట్లే. ఎలక్ట్రాను ఒక ప్రదక్షిణములో అడ్డముగా ఎన్ని మారులు ఊగును, నిలువుగా ఎన్ని మారులు ఊగును అను రెండు సంఖ్యలు కలవు. వానిలో పూర్ణాంకములు పోగా మిగులు భిన్నములు సమానమైనచో, ఒకే పొడవు ఉయ్యాలలవలె, చిన్న ముడియే అడ్డపు ఊపునంతయు నిలువునకు పంచును. కనుక నిర్మాతలు ఆ భిన్నములను దూరముగా ఉంచుదురు. ఇది మొదటి రక్ష. కాని మోకు ఉన్నంతకాలము కొంత ఊపు జారుచునే యుండును. పుంజమును మిక్కిలి సన్నము చేయవలెనన్న మోకునే విప్పవలెను.

ఆ మోకు ఎక్కడినుండి వచ్చినది? అయస్కాంతముల అమరికలోని స్వల్ప లోపముల నుండి. చతుర్ధ్రువ అయస్కాంతము తిన్నగా నిలిచియున్నపుడు, ప్రక్కకు జరిగిన ఎలక్ట్రానును ప్రక్క దిక్కుననే నెట్టును. అదే అయస్కాంతము ఇసుమంత ఒరిగియున్నచో, ప్రక్కకు జరిగిన దానిని కొంత పైకో క్రిందికో కూడ నెట్టును. కంటికి కానరాని ఒరుగుదలయైనను చాలును. షడ్ధ్రువ అయస్కాంతముల సంగతి మరియు సూక్ష్మము. వాని మధ్యబిందువునకు మిల్లీమీటరులో కొంచెము భాగము పైగానో దిగువగానో పుంజము పోయినచో, అవి ఒరిగిన చతుర్ధ్రువములవలె వర్తించును. ఇవి గాక పుంజపు దారి నిలువుగా స్వల్పముగ వంకరపోయినచో, శక్తి తగ్గిన ఎలక్ట్రాను పైకి క్రిందికి జరుగ నారంభించును. నేల క్రుంగుట, గదిలో వేడి మారుట వంటి చిన్న కారణములచే ఈ అమరిక నెలలు గడచుకొలది చెదరుచుండును.

ఈ నష్టము ఎంతటిదో లెక్కలో చూడవచ్చును. యుగ్మనము నూటికి ఒకటి యన్నచో పుంజపు నిలువు విస్తారము అడ్డపు విస్తారములో నూరవ వంతు. అప్పుడు మందము వెడల్పులో ఇంచుమించు పదవ వంతు ఉండును. యుగ్మనమును నాలుగవ వంతునకు తగ్గించినచో మందము సగమగును. అంతే వెలుగు సగము చోటులో పడుటచే తీక్ష్ణత రెట్టింపగును. వైరసుల, ప్రోటీనుల స్ఫటికములు అనేకము మిల్లీమీటరులో నూరవ వంతు కూడ ఉండవు. వానిపై పడక ప్రక్కనుండి పోయిన వెలుగు వ్యర్థమే గాక, చిత్రమును మసకబరచును.

చికిత్సకు ముందు రోగము తెలియవలెను. వందలాది అయస్కాంతములలో ఒరిగినది ఏదో కొలతబద్దతో వెదకి పట్టుట కష్టము. అందుచే శాస్త్రజ్ఞులు పుంజమునే సాక్షిగా అడుగుదురు. ఒక చిన్న అయస్కాంతముతో పుంజమును అడ్డముగా తట్టుదురు. లోపము లేని వలయములో అది అడ్డముగానే కదలవలెను. నిలువుగా కూడ కదలినచో, ఆ కదలికయే లోపమునకు సాక్ష్యము. వలయము చుట్టును అమర్చిన స్థానసూచక యంత్రములు ఆ కదలికను వ్రాసికొనును. ఇట్లు ఒక్కొక్క చోట తట్టి, ప్రతిచోట కొలిచి, వేలకొలది అంకెల పట్టికను తయారు చేయుదురు. ఏ అయస్కాంతము ఎంత ఒరిగినచో ఇట్టి పట్టిక వచ్చునో గణకయంత్రము లెక్కించి చెప్పును. అమెరికాలో జేమ్స్ సఫ్రానెక్ 1997లో ప్రకటించిన ఈ పద్ధతిని అనేక దేశములవారు గ్రహించిరి.

ఇక చికిత్స. ఒరిగిన అయస్కాంతములన్నిటిని విప్పి తిరిగి నిలుపుట ప్రతిసారి సాధ్యము కాదు. అందుకు బదులుగా, బుద్ధిపూర్వకముగా 45 డిగ్రీలు త్రిప్పి నిలిపిన చిన్న చతుర్ధ్రువ అయస్కాంతములను వలయములో అక్కడక్కడ అమర్చుదురు. వాని పని అంతయు అడ్డమును నిలువుతో ముడివేయుటయే. లోపములు వేసిన ముడికి సరిగా ఎదురు ముడి పడునట్లు వానిలో విద్యుత్తును సవరించినచో రెండును చెల్లిపోవును. ముల్లును ముల్లుతో తీయుట యన్న మాట ఇచ్చట అక్షరాల సత్యము. ఒక్కసారితో పని ముగియదు. సవరించుట, కొలుచుట, తిరిగి సవరించుట, ఈ క్రమముననే లోపము క్షీణించును.

ఈ విద్య ఎంతవరకు పోయినదో స్విట్జర్లాండులోని విల్లిగెన్ వలయము తెలుపును. 288 మీటర్ల చుట్టుకొలతగల ఆ వలయములో అయస్కాంతముల పీఠములను సరిచేసి, త్రిప్పిన చతుర్ధ్రువములతో దిద్ది, పుంజపు మందమును ఒక మిల్లీమీటరులో వేయవ వంతునకు నాలుగు రెట్లలోపునకు తెచ్చినట్లు 2012లో ప్రకటించిరి. మనిషి తలవెంట్రుక మందములో అది ఇంచుమించు ఇరువదవ వంతు. వెలుగు మోతాదులు కొంచెము పైకి క్రిందికి చిమ్ముటచే తప్పక కలుగు ఊపు ఒకటి కలదు. ప్రకృతి గీచిన ఆ హద్దునకు వారు చేరువకు పోయిరి.

ఇంతవరకు విన్నవారికి, పుంజము ఎంత సన్నమైన అంత మేలు అని తోచును. ఇచ్చటనే విషయము మలుపు తిరుగును. ఎలక్ట్రానులను ఇరుకు చోటులో కుక్కినకొలది అవి ఒకదానినొకటి ఢీకొనుట హెచ్చును. అట్లు ఢీకొన్న జంటలో ఒకటి శక్తి పెరిగి, మరియొకటి తరిగి, రెండును దారి తప్పి గోడకు తగిలి నశించును. ఆస్ట్రియా దేశమున జన్మించి ఇటలీలో పనిచేసిన బ్రూనో టౌషెక్ బృందము 1963లో ఈ నష్టమును గుర్తించుటచే దీనికి ఆయన పేరు వచ్చినది. ఈ నష్టమే ముఖ్యమైన వలయములో పుంజపు మందము సగమైనచో దాని ఆయుర్దాయమును సగమునకు దిగును. తీక్ష్ణత పెంచబోయి వెలుగునే త్వరగా పోగొట్టుకొనుట యగును.

జంగారెడ్డిగూడెము ప్రాంతపు పొగాకు రైతునకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. బ్యారనులో సెగ చాలకున్న ఆకు పండదు, మితిమీరిన మాడిపోవును. ఎంత సెగ, ఎంతసేపు అన్నది తెలిసికొని నిలుపుటయే విద్య. యుగ్మనపు అదుపును అట్టిదే. దానిని తగ్గించుట మొదటి మెట్టు. కావలసినంత మాత్రము ఉంచుట రెండవ మెట్టు.

ఇండోరులో ఈ విషయము మరింత ముఖ్యము. ఇండస్-2లోనికి ఎలక్ట్రానులు తక్కువ శక్తితో ప్రవేశించును. వలయము నిండిన పిమ్మట వాని శక్తిని సుమారు నాలుగున్నర రెట్లు పెంచుదురు. కనుక వెలుగు ఇచ్చుచుండగా మధ్యలో కొంచెము కొంచెముగా ఎలక్ట్రానులను కలుపుటకు వీలు లేదు. పుంజము క్షీణించినచో ఆపి, మొదటినుండి నింపవలెను. అచ్చట ప్రోటీను స్ఫటికములను పరిశీలించు కేంద్రము, పదార్థములలోని లోహముల జాడలను సూక్ష్మముగ తెలిసికొను కేంద్రము మొదలగునవి కలవు. దేశపు నలుమూలలనుండి వచ్చు పరిశోధకునకు దొరకు సమయము కొలది దినములు మాత్రమే. పుంజము మందమైన అతని చిత్రము మసకబారును. మరీ సన్నమైన అతని సమయము నింపుటలోనే గడచును. ఈ రెంటి నడుమ సమతౌల్యము నిలుపవలసిన బాధ్యత యంత్రము నడుపువారిది.

ప్రవేశశక్తియు వలయశక్తియు సమానముగా నున్న చోట్ల నిముషములకొకసారి ఎలక్ట్రానులను కలుపుచు వెలుగును ఒకే తీరున నిలుపుదురు. అచ్చట కూడ అదుపు అక్కరలేకపోలేదు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరపు వలయమును పునర్నిర్మించి 2020లో తెరచినపుడు అడ్డపు విస్తారము వెనుకటికంటె అనేక రెట్లు తగ్గినది. అచ్చటివారు యుగ్మనమును మొదట బాగుగా తగ్గించి, పిమ్మట నిలువు విస్తారమును కోరినంత మేరకు తామే పెంచి అచ్చట నిలుపుచున్నారు. లోపము వలన వచ్చిన మందము దినదినము మారును. తెలిసి పెంచిన మందము మారదు. అమెరికాలోని ఆర్గాన్ వలయమును పునర్నిర్మించి 2024లో తిరిగి నడపసాగిరి. రెండు చలనములను పూర్తిగా కలిపి గుండ్రని పుంజముగా నడుపు విధానమును కూడ దాని నిర్మాణములోనే ఏర్పరచిరి. ఒకప్పుడు శత్రువుగా తోచిన యుగ్మనమే ఇచ్చట సేవకుడైనది.

మరియొక చిక్కు కూడ చెప్పదగినది. ఒకే వలయమునుండి పదుల సంఖ్యలో పరిశోధన కేంద్రములు వెలుగు తీసికొనును. వానిలో కొన్నింటివారు తమకు కావలసిన వెలుగు కొరకు తమ ఎదుటి అయస్కాంతముల వరుసను దగ్గరకు దూరమునకు జరుపుచుందురు. ఒకరు జరిపినపుడు వలయమంతట పుంజపు మందము కొంచెము మారవచ్చును. ఎక్కడో దూరమున కూర్చున్న మరియొకరి చిత్రము చెడవచ్చును. గోదావరి కాలువల క్రింద సేద్యము చేయువారికి ఈ సంగతి సులభముగా తెలియును. ఎగువవాడు తూము త్రిప్పినచో దిగువ చేనికి నీటిమట్టము మారును. లాకుల దగ్గర కాపరి చూచి సరిచేయునట్లు, ఏ అయస్కాంతము ఎంత జరిగినచో ఎంత ఎదురు సవరణ కావలెనో ముందే కొలిచి పట్టిక వ్రాసియుంచుదురు. కదలికతో పాటే సవరణయు జరుగును. ఒకరి పనిచే మరియొకరి పని చెడదు.

ఇన్ని మాటల సారము ఇది. ఏ లోపమును లేని యంత్రమును మానవుడు నిర్మింపలేదు, నిర్మింపలేడు. కాని లోపమును దాచక, దానిచేతనే సాక్ష్యము చెప్పించి, అంకెలలో వ్రాసికొని, దానికి సరిపడు సవరణను పెట్టుట అతనికి సాధ్యము. వెంట్రుకలో ఇరువదవ వంతు మందమున వెలుగును నిలిపినది ఈ ఓర్పే. ఈ ఓర్పునకు పెద్ద నగరములు జన్మస్థానములు కానక్కరలేదు. గొరగనమూడి ఒక గ్రామమే. ఈ గ్రంథాలయపు బల్లలవద్ద నేడు గణితమును, భౌతికశాస్త్రమును చదువుకొను బాలబాలికలలో కొందరైనను రేపు ఆ వలయములవద్ద నిలిచి పనిచేయుదురు గాక. అందుకు కావలసిన పుస్తకములు ఇచ్చటి బీరువాలలో నిండుగా నుండునట్లు చందాదారులు శ్రద్ధ వహింతురు గాక. రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక.